గిల్లమ్ అడవి, మా ఊహలు

2019 జులైలో నేను కెనడాలో, మానిటోబా రాష్ట్ర రాజధాని విన్నిపెగ్‌లో ఉన్నాను. కెనడాలోనే ఇంకో రాష్ట్రమైన బ్రిటిష్ కొలంబియాలో ముగ్గురి హత్య కేసులో పోలీసులు వెతుకుతున్న కుర్రాళ్లు, ఒకడికి 19, ఇంకొకడికి 18, మా మానిటోబాకే వచ్చారని తెలిసింది. వాళ్లు వాడిన కారు మానిటోబా ఉత్తరాన గిల్లమ్ అనే చిన్న ఊరి దగ్గర కాలిపోయి దొరికింది.

ఇక అందరివీ ఊహలే. వేషం మార్చి ఎప్పుడో జారుకున్నారని నేనూ గట్టిగా వాదించాను. యార్క్ ల్యాండింగ్‌లో కనిపించారనగానే పోలీసులు అక్కడికి వెళ్లారు, ఎవరూ దొరకలేదు. ఆ చిన్న ఊళ్లో పిల్లలున్న వాళ్లకి ఎంత టెన్షనో!

ఆగస్టు 7న నెల్సన్ నది దగ్గర, కారు కాలిన చోటికి 8 కిలోమీటర్ల దూరంలో ఇద్దరి శవాలూ దొరికాయి. ఒకడు రెండోవాణ్ని కాల్చి, తర్వాత తనను తాను కాల్చుకున్నాడని పోలీసులు తేల్చారు. అన్ని రోజుల మాటల్లో, హత్యకు గురైన ఆ ముగ్గురి గురించి నేను ఒక్కసారీ అడగలేదు.