నాబోతు పొలం వైపు చూస్తూ చదివాను

పరిశుద్ధ దేశం వెళ్లి మ్రొక్కుబడి తీర్చుకుని వచ్చాను. సూట్‌కేసు ఇంకా పూర్తిగా విప్పనే లేదు, కానీ ఆ వేడి తగ్గకముందే రాసేయాలనిపించింది. బేత్లెహేము, గలిలయ సముద్రం, యొర్దాను గురించి వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ చెప్తారు. నేను మ్రొక్కుకున్నది మాత్రం కర్మెలు కొండకి.

నాన్న పోయాక అమ్మ పేరున ఉన్న పొలం మీద ఊళ్లో పెద్దమనిషి ఒకాయన కన్ను పడింది. దొంగ కాగితాలు, డబ్బుకి అమ్ముడుపోయిన సాక్షులు, వాయిదాల మీద వాయిదాలు. ఆ టెన్షన్‌లో నన్ను నిలబెట్టింది బైబిల్లో 1 రాజులు 21వ అధ్యాయం. కూరతోట వేసుకోడానికి అహాబు రాజుకి నాబోతు ద్రాక్షతోట కావాలి, నాబోతేమో పిత్రార్జితం ఇవ్వనన్నాడు, రాణి యెజెబెలు రాజు ముద్ర వేసి తాకీదులు పంపింది, ఇద్దరు పనికిమాలినవాళ్లు అబద్ధ సాక్ష్యం చెప్పారు, నాబోతుని రాళ్లతో కొట్టి చంపారు. రాజు తోట స్వాధీనం చేసుకోడానికి వెళ్తే అక్కడ ప్రవక్త ఏలీయా ఎదురుపడి నిలదీశాడు. అమ్మ పొలం అమ్మకి దక్కితే ఏలీయా కొండ అని పేరున్న కర్మెలు మీద ఈ అధ్యాయం పైకి చదువుతానని మ్రొక్కుకున్నాను. తీర్పు అమ్మ పక్షానే వచ్చింది, ప్రభువుకే స్తోత్రం.

అప్పటినుంచే ప్రవక్తల గ్రంథాలు వరసగా చదవడం మొదలుపెట్టాను. పొలానికి పొలం కలుపుకునేవాళ్లకి శ్రమ అంటాడు యెషయా. పొలాల మీద ఆశపడి లాక్కునేవాళ్ల గురించి మీకా కూడా అదే కోపంతో మాట్లాడతాడు. చెప్పుల జోడు కోసం బీదవాణ్ణి అమ్మేస్తున్నారని అడిగిన ఆమోసు ఏ పెద్ద గురువూ కాదు, పసులు కాసుకుంటూ మేడిపండ్లు ఏరుకునే తెకోవ ఊరివాడు. 2,700 ఏళ్ల కిందటి మాటలు మా ఊరి రచ్చబండ దగ్గర నిలబడి అన్నట్టే ఉన్నాయి.

కొండ మీద ముహ్రకా అనే చోట కర్మెలీయులనే క్రైస్తవ సన్యాసుల మఠం ఉంది. వాకిట్లో కత్తి పైకెత్తిన ఏలీయా విగ్రహం, దాని ముందు ఫొటోల కోసం తోపులాట. బస్సు వెనక బస్సు, ఒక గుంపు పాట ఇంకో గుంపు పాట మీద పడుతోంది, ప్రార్థన చేసుకుందామంటే సెల్ఫీ కర్రలు మొహానికి తగులుతున్నాయి. ఇంత దూరం వచ్చింది దీనికా అని కళ్లలో నీళ్లు తిరిగాయి. మా గైడు ఏలీయా ప్రార్థిస్తే ఆకాశం నుంచి అగ్ని దిగిన సంగతి చెప్పి, త్వరగా బస్సెక్కమన్నాడు. నాబోతు ఊసే లేదు.

మా బస్సు డ్రైవరు నజరేతుకి చెందిన అరబ్బు క్రైస్తవుడు, బాగా పెద్దాయన. నేను బైబిలు పట్టుకుని దిక్కులు చూస్తుంటే వచ్చి ఏం కావాలని అడిగాడు. "నాబోతు" అన్నాను. ఆయన మొహం విప్పారింది. మోకాళ్ల నొప్పితో నేను మెట్లు ఎక్కలేకపోతుంటే చెయ్యి పట్టుకుని డాబా మీదకి తీసుకెళ్లి, పిట్టగోడ దగ్గర జనాన్ని తన భుజంతో ఆపి, తూర్పు ఆగ్నేయంగా వేలు చూపించాడు. కింద లోయంతా పచ్చగా, గోధుమరంగుగా మడులు మడులుగా ఉంది. దూరంగా గిల్బోవ కొండలు, వాటికి ఇవతల చిన్న మిట్ట. అదే నాబోతు ఊరు యెజ్రెయేలు, సుమారు 25 కిలోమీటర్లు ఉంటుంది. అక్కడ 2013లో తవ్వితే రాతిలో తొలిచిన పాత ద్రాక్షగానుగ బయటపడింది. ఆ మిట్ట మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను.

అధ్యాయం మొత్తం పైకి చదివాను. కింద మా వాళ్లు పిలుస్తున్నారు, హారన్ కొడుతున్నారు. తెలుగు ముక్క తెలియని ఆ పెద్దాయన, బస్సు నడపాల్సింది తనే అయినా, టోపీ తీసి చేత్తో పట్టుకుని చివరి వచనం దాకా నిలబడ్డాడు.

మన కూడికల్లో ప్రవక్త అనగానే వీసా వస్తుందా, పెళ్లెప్పుడు అని అడుగుతాం. అది నాకు బాధే. అగ్ని గురించి వంద ప్రసంగాలు విన్నాను, నాబోతు గురించి విన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏలీయా ఒకే మనిషి కదా! బయలు అనే దేవత ప్రవక్తలు 450 మంది ఎదుట నిలబడినవాడే ఒక రైతు పొలం కోసం రాజుని నిలదీశాడు.

మా వీధిలో ఒక అక్క ఉంది, భర్త లేడు, ఆవిడ గట్టు జరిపేశారు. నేను వచ్చానని తెలిసి యొర్దాను నీళ్లు అడగడానికి వచ్చింది. నీళ్లిచ్చాను, పాసుపుస్తకం కూడా తెమ్మన్నాను. సోమవారం గ్రీవెన్స్‌కి ఇద్దరం కలిసి వెళ్తున్నాం.