అలవాటైపోతుంది మేడమ్

రాత్రి పదకొండున్నర అయింది. అత్తయ్యగారు పడుకున్నారు, బుజ్జిగాడు చదువుతున్నట్టు నటిస్తున్నాడు, ఆయన సంగతి మీకు తెలిసిందే, తల దిండును తాకకముందే గురక మొదలవుతుంది. ట్యాంకు నిండితే మోగే మా మోటారు పెట్టె గురించి ఇక్కడ ఇక రాయనని పోయిన నెలలో నేనే మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. ఈ ఉదయం ఆ పెట్టె మోగలేదు, మోగకపోవడమే నన్ను రోజంతా పట్టుకుని వదలలేదు.

నా కసి తీరడానికి దాని వర్ణన మరొక్కసారి. మా పడకగది కిటికీకి సరిగ్గా కింద, వాచ్‌మన్ గది గోడకు, అరచేయంత తెల్లటి ప్లాస్టిక్ పెట్టెను ఆరు నెలల క్రితం బిగించారు. తెల్లవారుజామున నాలుగున్నరకు వాచ్‌మన్ మోటారు వేసి పాల ప్యాకెట్ల కోసం వెళతాడు. సంపులోని నీళ్లు పైట్యాంకుకు ఎక్కి నిండేసరికి అయిదూ పది అవుతుంది. అప్పుడా పెట్టె ముందుగా సన్నాయికీ ఐస్‌క్రీమ్ బండికీ మధ్యస్థమైన ఒక రాగం తీసి, ఆ తరువాత మీ ట్యాంకు నిండినది, దయచేసి మోటారు ఆపండి అని ఇంగ్లీషులో ఒక స్త్రీ కంఠంతో వేడుకుంటుంది. ఆపవలసిన మనిషి సందు చివర ఉంటాడు కనుక ఆ వేడుకోలు ఏడెనిమిది సార్లు సాగుతుంది. పెట్టిన మొదటి వారంలోనే వెళ్లి అడిగితే అసోసియేషన్ సెక్రటరీగారు నవ్వుతూ, "అలవాటైపోతుంది మేడమ్, అందరికీ అలాగే ఉంటుంది మొదట్లో" అన్నారు.

అందరికీ అలవాటైంది. అత్తయ్యగారు అది మోగితే లేచి కాఫీ డికాక్షన్ వేసుకుంటారు, ఆమెకు అదొక గడియారం. బుజ్జిగాడి గదిలోకి పిడుగు పడినా వాడు లేవడు. ఆయనైతే మూడో నెలలో ఒకరోజు, "ఇవాళ కూడా ఆ మోత నన్ను చంపేసిందండీ" అని నేను అంటే, పేపరు మీది నుంచి తల ఎత్తి "ఏ మోత?" అన్నారు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగారు. ఆ రెండు మాటలు పెట్టె కంటె ఎక్కువగా నా చెవిలో మోగుతున్నాయి. ఒకే గది, ఒకే కిటికీ, ఒకే మంచం, నాలుగు చెవుల్లో రెండింటికి మాత్రమే వినబడే శబ్దమా అది?

అలవాటు పడటం నాకు ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠం పేరు కూడా కావడంతో సెక్రటరీగారి మాట మరింత గుచ్చుకుంది. ఎప్లీసియా అనే సముద్రపు కుందేలు గురించి డిగ్రీ పిల్లలకు పోయిన వారమే చెప్పాను. అది కుందేలు కాదు, పెంకు పైకి కనబడని ఒక నత్త. మన తలలో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు ఉంటే దానికి మొత్తం మీద సుమారు 20,000 మాత్రమే ఉంటాయి, వాటిలోనూ కొన్ని మామూలు కంటికి కనబడేంత పెద్దవి. 1960లలో ఎరిక్ కాండెల్ అనే నాడీ శాస్త్రవేత్త, తోటివారు వద్దంటున్నా, ఈ జీవినే పట్టుకోవడానికి కారణం అదే. నీటిని బయటకు వదిలే దాని సైఫన్ గొట్టం మీద సన్నటి నీటిధార తగిలిస్తే లోపలి మొప్ప చటుక్కున ముడుచుకుంటుంది. అదే ధారను పదే పదే తగిలిస్తే పదోసారికి ఆ ముడుచుకోవడం నామమాత్రమవుతుంది. కండరం అలసిపోలేదు, చర్మం మొద్దుబారలేదు. స్పర్శను మోసుకొచ్చే 24 జ్ఞాన నాడీకణాలకూ, మొప్పను లాగే 6 చాలక నాడీకణాలకూ మధ్యనున్న సంధిలో, జ్ఞానకణం విడిచే గ్లుటమేట్ అనే రసాయనం తగ్గిపోయింది. కబురు వస్తూనే ఉంది, దానిని అందించే చేయి పిసినారిదయింది.

ఆ నత్తకే తోక మీద ఒక విద్యుత్ షాక్ ఇచ్చి చూస్తే కథ తిరగబడుతుంది. ఇప్పుడు సైఫన్‌ను ఎంత మెల్లగా తాకినా మొప్ప మునుపటి కంటె గట్టిగా ముడుచుకుంటుంది. షాక్ కబురును అందుకున్న వేరే కణాలు జ్ఞానకణపు చివర మీద సెరటోనిన్ అనే మరో రసాయనాన్ని చిలకరిస్తాయి. దానితో లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనం పెరిగి, పొటాషియం బయటకు పోయే ద్వారాలు కొన్ని మూసుకుని, విద్యుత్ స్పందన మరికొంత సేపు నిలిచి, అంతసేపూ కాల్షియం లోపలికి చేరి, గ్లుటమేట్ దోసిళ్లతో పడుతుంది. రోజుల తరబడి శిక్షణ ఇస్తే కణం ఆకారమే మారుతుంది. మామూలుగా ఒక్కో జ్ఞానకణానికి సుమారు 1,300 సంధి కొసలు ఉంటే, షాకులు తిన్న నత్తలో అవి 2,700 వరకు పెరిగాయి, అలవాటు పడిన నత్తలో 850 దాకా రాలిపోయాయి. పిల్లలు ఈ అంకెలను పరీక్ష కోసం రాసుకుంటుండగా నేను మనసులో ఇంకో లెక్క వేసుకున్నాను: ఆయన 850, నేను 2,700. ఒకే పెట్టె, ఒకే రాగం, ఆయనలో పిసినారితనం, నాలో దుబారా. ఇందులో ఎవరి తప్పూ లేదని ఆయనను లోలోపలే క్షమించేశాను కూడా.

మరి నాకు తోక మీద షాక్ ఎప్పుడు తగిలిందంటే జవాబు కోసం వెతుక్కోనక్కరలేదు. ఈ ఊళ్లో 2014 అక్టోబరు 12 ఆదివారాన్ని ఎవరూ మరిచిపోరు. అప్పుడు మేము పెదవాల్తేరులో మూడో అంతస్తులో ఉండేవాళ్లం, బుజ్జిగాడికి నాలుగేళ్లు. తెల్లవారక ముందే కరెంటు పోయింది. హుద్‌హుద్ తుపాను మా విశాఖను తాకేవరకు గాలి మా వంటింటి వైపు నుంచి కొట్టింది. మధ్యాహ్నం కాస్త తెరిపి ఇచ్చినప్పుడు అయిపోయిందనుకుని కొందరు కిందికి దిగి విరిగిన చెట్లను చూస్తున్నారు, అత్తయ్యగారు ఆ కాస్త వ్యవధిలోనే అన్నం వార్చారు. తుపాను కన్ను మా నెత్తి మీదుగా పోతోందని మాలో ఎవరికీ తట్టలేదు. ఆ తరువాత గాలి ఎదురు దిక్కు నుంచి, మేము ఏమీ అడ్డం పెట్టని పడకగది కిటికీ వైపు నుంచి వచ్చింది. ఆ కిటికీ గడియ చివరి మేకు కాస్త వదులు. దాని టకటక ముందు విడివిడిగా, తరువాత వేగంగా, చివరికి ఒక్కటే గీత గీసినట్టుగా వినబడింది. ఆయనా నేనూ పరుపును నిలబెట్టి, దానికి వీపులు ఆనించి, కాళ్లు మంచం కోడుకు తన్ని కూర్చున్నాం. ఎంతసేపో తెలియదు. మధ్యలో ఆయన, "మధ్యాహ్నం అన్నం తినేసి ఉండాల్సింది" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. గడియ ఊడలేదు, అద్దం మాత్రం పగిలి పరుపులోకి దిగింది.

ఆ తరువాత చాలా రోజులు కరెంటు లేదు, కరెంటు లేక మోటారు లేదు, బిందెలు పట్టుకుని ట్యాంకరు దగ్గర నిలబడ్డాం. మోటారు మళ్లీ గుయ్యిమన్న సాయంత్రం భవనమంతా వరండాల్లోకి వచ్చి చప్పట్లు కొట్టింది. అంత తియ్యటి శబ్దం నేను మళ్లీ వినలేదు.

ఇల్లు మారాం, కిటికీలు మారాయి, గడియ టకటక మాత్రం నాతో వచ్చింది. సముద్రపు గాలి ఏ మాత్రం వీచినా నా చేతులు చల్లబడతాయి. అందుకే పాత క్యాలెండరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ప్రతి గడియ సందులోనూ దూర్చి ఉంచుతాను. చెమ్మకు అది మెత్తబడి పసుపు రంగు తిరిగితే మార్చడం నా నెలవారీ పని. అదే పరుపుకు వీపు ఆనించిన ఆయనకు టకటక వింటే ఏమీ కాదు. కాండెల్ కూడా తొమ్మిదేళ్ల వయసులో, 1938 నవంబరులో, వియన్నాలోని తమ ఇంటి తలుపును నాజీ పోలీసులు దబదబా బాదిన చప్పుడును పెద్దయ్యాక కూడా మరచిపోలేదు. ఒక్క దెబ్బ జ్ఞాపకంలో ఎలా పాతుకుపోతుందో నత్తలో వెతికి 2000లో నోబెల్ పంచుకున్న మనిషి అతడే. ఈ సంగతి చెబుతున్నప్పుడు తరగతి ఎప్పుడూ నిశ్శబ్దమవుతుంది.

ఇంతవరకు రాసి మొదటి నుంచి చదువుకుంటే, వ్యాసం బాగానే ఉంది గాని విషయం తప్పు. ఈ ఉదయం జరిగినది ఇందులో ఇమడదు.

ఆదివారం మీటింగులో నేను గొంతు పెంచిన ఫలితంగా నిన్న సాయంత్రం పెట్టె తీగ పీకేశారు. ఇవాళ హాయిగా ఆరింటి వరకు పడుకోవలసిన నేను అయిదూ అయిదుకే కళ్లు తెరిచి చీకట్లో ఫ్యాను చూస్తూ పడుకున్నాను. అయిదూ పది దాటింది. అయిదూ పన్నెండుకు పక్కన గురక ఆగింది. ఆయన మోచేతి మీద లేచి, నిద్ర గొంతుతో, "ఏమిటే, ఇవాళ మోగలేదేం?" అన్నారు.

ఏ మోత అని అడిగిన మనిషి.

ముందు కోపం వచ్చింది, ఆరు నెలలు వింటూ విననట్టు నటించారని. కాఫీ తాగేటప్పుడు నిలదీస్తే, తాను అసలు లేవనే లేదనీ, అలాంటి మాట అననే లేదనీ ఒట్టు పెట్టుకున్నారు. అది అబద్ధం కాదని నాకు తెలుసు, ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. కాని 850 కొసల లెక్క మాత్రం కూలిపోయింది. కబురును అందించే చేయి పిసినారిదైతే శబ్దం రానప్పుడు ఇంకా హాయిగా నిద్రపోవాలి గదా? 24 కణాలూ 6 కణాల ఆ చిన్న వలయం కథలో, రాని స్పర్శకు ఉలిక్కిపడటానికి చోటు లేదు. నత్త సంధిని తెచ్చి నేరుగా మొగుడి తలలో బిగించడం నా అత్యుత్సాహం. పిల్లలు ఆ పని చేస్తే మార్కులు కోస్తాను.

దీనికి సరిపోయే ఊహ మాస్కోలో యెవ్‌గెనీ సొకొలోవ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల నాటికే చెప్పినది ఉంది, ఎం.ఎస్సీ.లో చదివి మరిచిపోయాను. మెదడు పదే పదే వచ్చే శబ్దానికి ఒక నమూనా కట్టుకుంటుందనీ, వచ్చిన శబ్దాన్ని ఆ నమూనాతో పోల్చి, సరిపోతే మెలకువను పిలవకుండా అక్కడే సర్దేస్తుందనీ, ఎక్కువ తక్కువలు వచ్చినా, అసలు రాకపోయినా, అప్పుడు తట్టి లేపుతుందనీ ఆయన వాదం. మెదడు శాస్త్రవేత్త కార్ల్ ప్రిబ్రమ్ దీనికి న్యూయార్క్ ఉదాహరణ చెప్పేవాడు. అక్కడ థర్డ్ అవెన్యూ మీద వంతెనపై నడిచే రైలును 1955లో ఆపేస్తే, చుట్టుపక్కల వాళ్లు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచి ఏదో జరుగుతోందని పోలీసులకు ఫోన్లు చేసేవారట. వాళ్లు లేచిన వేళలు ఆ రైలు వెళ్లే వేళలే. అంటే రైలు ఉన్నన్నాళ్లూ వాళ్లు దానిని వినకుండా ఉండలేదు, ప్రతి రాత్రీ విని, లెక్క సరిపోయిందని సంతకం పెట్టి పంపేశారు.

మా ఆయన తలలోనూ ఆరు నెలలుగా ఒక గుమాస్తా కూర్చుని ప్రతి తెల్లవారుజామునా అయిదూ పదికి టిక్కు పెడుతున్నాడన్న మాట. గుమాస్తా చేసే పని యజమానికి తెలియదు, అందుకే "ఏ మోత?" అన్న ప్రశ్న నిజాయితీగా వచ్చింది. బుజ్జిగాడు పసివాడుగా ఉన్నప్పుడు వాడు మూలిగితే లేవని మనిషి, కింద స్కూటరు స్టాండు తీసిన చప్పుడుకు లేచి దొంగేమోనని చూసి వచ్చేవారు. అప్పుడు కూడా ఇదే గుమాస్తా, జాబితా వేరు. ఆ రోజుల గొడవలను ఇప్పుడు తవ్వను.

నా సంగతే మిగిలింది. నాకు పెట్టె మోగకముందే మెలకువ వస్తోందని ఇవాళ గాని తేలలేదు. ఇన్నాళ్లూ అది నన్ను లేపుతోందనుకున్నాను. నిజానికి అయిదూ అయిదుకు లేచి, ఇంకా మొదలుకాని రాగం కోసం పళ్లు బిగించి ఎదురుచూసి, అది మోగగానే తిట్టుకోవడం జరుగుతోందేమో. అలాగైతే నా గుమాస్తా టిక్కు పెట్టడంతో ఊరుకోక, వచ్చి నా భుజం తట్టి కూర్చోబెడుతున్నాడు. ఆ పరుపు మధ్యాహ్నం వాడు నేర్చుకున్నది అదే అయితే ఆశ్చర్యపోను, రుజువు మాత్రం అడగకండి.

ఇదంతా ఇలా ఉండగా, పెట్టె మోగక, వాచ్‌మన్‌కు తెలియక, పైట్యాంకు అరగంట పొర్లింది. నాలుగో అంతస్తు వారు ఆరేసిన దుప్పట్లు తడిసి ముద్దయ్యాయి. లిఫ్టులో ఆవిడ నాతో మాట్లాడలేదు. గ్రూపులో ఎవరో దండం బొమ్మ పెట్టారు, అది ఎవరికో చెప్పనక్కరలేదు. కాలేజీ నుంచి వచ్చేసరికి సెక్రటరీగారు గేటు దగ్గరే ఎదురయ్యారు, ఈసారి నవ్వలేదు. తీగ మళ్లీ కలుపుతారట. సరేనన్నాను, కాని ఆ రాగమూ ఆ కంఠమూ తీసేసి ఉత్త గంట ఉంచితే చాలునని అడిగాను. వాచ్‌మన్ పెట్టె విప్పి లోపలి పచ్చటి పలకను టార్చి వెలుగులో నాకు చూపించి, "అన్నీ ఒకదాన్లోనే ఉంటాయమ్మా, ఒకటి తీస్తే అన్నీ పోతాయి" అన్నాడు.

రేపు ఉదయానికి కలపడం కుదరదట, కొత్త సెల్లు కావాలట. ఆయన పడుకునే ముందు అడిగిన ఒకే ఒక్క మాట, రేపు మోటారు ఎవరు ఆపుతారని. అయిదూ అయిదుకు ఎలాగూ మెలకువగానే ఉంటాను కనుక నేనే ఆపుతానన్నాను. స్విచ్చు బోర్డు తాళం చెవి దిండు కింద ఉంది.