చాపా? చేపా?

పదకొండున్నరైంది, నిద్ర పట్టడం లేదు. నిన్న బ్యాగులోంచి తీసిన చిన్నోడి స్కూలు డైరీయే కళ్ళముందు తిరుగుతోంది. ఎర్ర ఇంకుతో ఒకటే వాక్యం: ఇంట్లో ఇంగ్లిషులోనే మాట్లాడండి, వీడికి మాటలు తక్కువ.

వీడికి మాటలు తక్కువా! పొద్దున లేచిన దగ్గర్నుంచి నోరు మూయని వాడికి!

వాడికిప్పుడు ఫోనిక్స్ నడుస్తోంది, అంటే అక్షరాల శబ్దాలు కలుపుకుని చదవడం. ఏబీసీడీల వరస కాదు, ముందు ఎస్, ఎ, టి, ఐ, పి, ఎన్ నేర్పుతారు. ఆ ఆరింటితోనే సిట్, పిన్, ట్యాప్ లాంటి చిన్న మాటలు బోలెడు కట్టొచ్చట. పద్ధతి బాగుంది, కాదనను. ఇప్పుడు ఎమ్ కూడా వచ్చేసింది. రాత్రి మ్... యా... ట్ అని కూడబలుక్కుని "మ్యాట్" అన్నాడు. శభాష్, మ్యాట్ అంటే ఏంట్రా అన్నాను. దిక్కులు చూశాడు. కూర్చున్నది చాప మీదే.

ఒళ్ళు మండి పెన్సిలుతో ఆ ఎర్ర వాక్యం కిందే జవాబు రాసేశాను. "మేడమ్, మా ఇంట్లో మాటలకి కరువు లేదు, మీరు వినే భాషలో లేవంతే." రాశాక హాయిగా అనిపించింది. ఒక్క పూట.

ఇవాళ ఆదివారం కదా, చేపలామె వచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు వేటకెళ్ళవు కాబట్టి ఇన్నాళ్ళూ ఎండుచేపలతోనే సరిపెట్టింది. ఇవాళ తట్ట నిండా పచ్చివే. చిన్నోడు పరిగెత్తుకెళ్ళి "ఫిష్!" అన్నాడు. "ఫిస్సేటి బాబూ, దీనికి పేరు నేదా?" అని ఒక్కొక్కటే ఎత్తి చూపించింది. చందువ, కోనెం, కానాగంతలు, నెత్తళ్ళు. లోపల్నుంచి అత్తయ్య బేరం సంగతి చూడమని అరుస్తూనే ఉంది. మధ్యాహ్నానికి వీడు వాళ్ళ నాన్నని "ఒరేయ్ కోనెం" అంటున్నాడు.

సాయంత్రం పలక మీద "చేప" అని రాశాను. "చాప" అని చదివాడు. కింద చాప వైపు చూశాడు, మళ్ళీ పలక చూశాడు. "కాదు, చేప!" అన్నాడు. నేను నోరు మెదపలేదు.

నాకు చదవడం వచ్చింది వైజాగ్‌లో, జగదాంబ దగ్గర బస్టాపులో. సిటీబస్సు బోర్డు నేను చదివితేనే నాన్న ఎక్కించేవారు. మొదట గడగడా చదివింది "సింహాచలం". సున్నా, గుడి, దీర్ఘం అన్నీ కూడబలుక్కుని ఉంటే బస్సు కొండ దాకా వెళ్ళిపోయేది. "సిం" అనగానే మిగతాది దానంతటదే వచ్చేసింది. అక్షయ తృతీయ వస్తోందంటే చాలు ఇంట్లో అప్పన్న చందనోత్సవం మాటే, ఆ పేరు వినీ వినీ చెవిలో ఉండిపోయింది. "పూర్ణా మార్కెట్" మాత్రం చాన్నాళ్ళు "పూరా మార్కెట్టే". "కింద వేలాడేదాన్ని ఎవరు చదువుతారే?" అని నాన్న నిలబడి చూసేవారు. రెండు బస్సులు వెళ్ళిపోయినా సరే. ఎంత ఓర్పో.

ఓర్పా, నా బొంద. గుణింతం తప్పితే మొట్టికాయ పడేది. ఆ రెండు బస్సులు పోయిన రోజు ఇంటికెళ్ళాక అమ్మ ఆయన్ని కడిగేసింది కూడా. ఇప్పుడు రాస్తుంటే అన్నీ తియ్యగా ఉన్నాయి.

అసలు నేనేం చెబుతున్నాను వాడికి? "అది తే", "ఆ బ్లూది ఇలా ఇయ్యి", "దాన్ని అక్కడ పెట్టు". గరిటె, అట్లకాడ, చిల్లుల గరిటె అన్నీ వాడికి స్పూన్లే, ఎందుకంటే నేనే వాటికి పేరు పెట్టి పిలవను. చేపలామె పది నిమిషాల్లో నాలుగు పేర్లు చెప్పింది. ఈ వారమంతా నేను ఎన్ని చెప్పానో లెక్కపెట్టబోయి ఆపేశాను. టీచరమ్మ చెప్పినదాంట్లో భాష సంగతి తప్పేమో గానీ, మాటలు తక్కువన్న ముక్క పూర్తిగా తప్పు కాదేమో.

అయినా ఆ ఎర్ర ఇంకు ఎందుకండీ? నీలం ఇంకుతో రాస్తే చదవమా?

ఇందాక లేచి వెళ్ళి నా జవాబు రబ్బరుతో చెరిపేశాను. గట్టిగా అదిమి రాశానేమో, అక్షరాల గాడి పోలేదు. లైటుకి కాస్త వంచి చూస్తే "కరువు లేదు" అని తెలిసిపోతోంది. పొద్దున దాని మీదే సంతకం పెట్టేస్తాను.