శుక్రవారం పల్లావరంలో

చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికి శుక్రవారం సెలవని గేటు దాకా వెళ్ళాక తెలిసింది. తప్పు నాదే, ముందే కనుక్కోవాల్సింది. స్టేషన్ నుంచి నడిచిపోయే దూరానికి ఆటోకు నూటయాభై సమర్పించుకున్నాను, అదింకో మంట.

నేను వచ్చింది రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆనాటి బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఏరిన రాళ్ళ కోసం. మాది బేతంచెర్ల. ఊరి దగ్గర బిల్లసర్గం గుహలకు చిన్నప్పుడు గబ్బిలాలకు భయపడుతూనే వెళ్ళేవాళ్ళం. 1884లో ఫుట్ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. ఎక్కువ భాగం దగ్గరుండి తవ్వించింది సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న కొడుకు హెన్రీ. ఒక గుహకు పెట్టిన పేరైతే మన మాటల్లో ఎముకల కొట్టు! దొరికిన ఎముకలను లైడెకర్ అనే శాస్త్రవేత్త పరిశీలించి, ఒక ఖడ్గమృగానికి ఏకంగా మా కర్నూలు పేరే పెట్టాడు, రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని. మా చరిత్ర సారు హరప్పా గురించి వారం రోజులు చెప్పాడు గానీ దీని ఊసే ఎత్తలేదు.

లాడ్జిలో కూర్చోబుద్ధి కాక తాంబరం లోకల్ ఎక్కి పల్లావరంలో దిగాను. 1863 మే 30న అక్కడి కవాతు మైదానం దగ్గర కంకర గుంటలో ఫుట్‌కు మనిషి చెక్కిన రాయి ఒకటి కనపడింది. అప్పటికి ఆయనకు 28 ఏళ్ళు. పాత రాతియుగం మనుషులు మన దేశంలోనూ ఉన్నారని దాంతోనే తేలింది. ఆ సెప్టెంబరులోనే తోటి శాస్త్రవేత్త విలియం కింగ్‌తో కలిసి అత్తిరాంపాక్కంలో ఇంకా బోలెడు ఏరాడు. 1904లో మద్రాసు ప్రభుత్వం ఆయన సేకరణను మ్యూజియం కోసం కొన్నది. శనివారం మళ్ళీ వెళ్ళి గాజు వెనక ఉన్న రాతి గొడ్డళ్ళను తనివితీరా చూశాననుకోండి.

పల్లావరంలో మాత్రం చూడ్డానికేముంది? నెత్తిన విమానాలు, రోడ్డు మీద హారన్లు. ఖాళీ జాగా కనపడితే చాలు, వంగి కంకర రాళ్ళు తిరగేస్తున్నాను. పూలమ్మే పెద్దావిడ చాలాసేపు చూసి, అరవంలో ఏదో అడిగింది. నేను తెల్లమొహం వేస్తే తెలుగులోకి దిగింది. వాళ్ళది నెల్లూరట.

"ఏం పారేసుకున్నావు నాయనా?"

"ఏం లేదమ్మా, రాళ్ళు చూస్తున్నా."

"రాళ్ళా! ఏ ఊరు మీది?"

చెప్పాను. ఆవిడ మూర అల్లడం ఆపేసి పడీపడీ నవ్వింది.

"బేతంచెర్ల బండలా! మా ఇంట్లో పరిపించింది అవే కదయ్యా. మీ ఊరి రాయి తొక్కుకుంటూ మేం తిరుగుతుంటే, నువ్వు రాళ్ళ కోసం ఇంతదూరం వచ్చావా?"

రెండు మూరలు కొన్నాను. మూర నలభై చెప్పింది. బేరం ఆడబుద్ధి కాలేదు.