స్టెప్నీ లేని మియాటాలో దూరప్రయాణం: టైరు పంక్చరైతే ఏం చేయాలి

రెండు సీట్ల మాజ్దా మియాటా స్పోర్ట్స్ కారు 1989లో తొలిసారి వచ్చినప్పుడు దాని డిక్కీలో చిన్నదైనా ఒక స్టెప్నీ ఉండేది. 2005లో వచ్చిన మూడో తరం నుంచి ఆ స్టెప్నీ కనిపించకుండా పోయింది, దాని స్థానంలో ఒక చిన్న గాలి కంప్రెసరూ, టైరులోకి ఎక్కించే జిగురు ద్రవం సీసా ఒకటీ వచ్చి చేరాయి. నేను కాలిఫోర్నియాలో నడుపుతున్న నాలుగో తరం కారులోనూ ఇదే ఏర్పాటు. ఈ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. అయితే కంపెనీ ఇచ్చిన ఆ పెట్టె ఒకే ఒక్క రకం పంక్చరుకు సరిపోతుందనీ, మిగిలిన వాటికి సిద్ధపడే బాధ్యత పూర్తిగా నడిపేవారిదేననీ కొత్తగా ఈ కారు కొన్న మనవాళ్లకు చెప్పేవారు తక్కువ. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

స్టెప్నీ ఎందుకు తీసేశారో ముందుగా గ్రహిస్తే తర్వాతి నిర్ణయాలు తేలికవుతాయి. ఈ కారు బరువు సుమారు 1,060 కిలోలు, డిక్కీ 130 లీటర్లు. 205/45ఆర్17 కొలత గల టైరును చక్రంతో సహా కొలిస్తే వ్యాసం దాదాపు 616 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి అది ఆ డిక్కీలో పట్టే ప్రశ్నే లేదు. సన్నటి తాత్కాలిక స్టెప్నీని ఎలాగో ఇరికించామనుకున్నా అసలు చిక్కు అక్కడితో తీరదు. స్టెప్నీ బిగించాక, విప్పిన పెద్ద చక్రాన్ని ఎక్కడ పెట్టాలి? ఉన్నవి రెండే సీట్లు. పక్కన మనిషి ఉంటే ఆ చక్రానికి చోటు లేదు, చక్రాన్ని సీటులో పెడితే మనిషికి చోటు లేదు. భార్యాభర్తలిద్దరూ కలిసి వారాంతానికి బయలుదేరే కారులో స్టెప్నీ కోసం వెంపర్లాడడం కంటే, ఉన్న టైరునే రోడ్డు మీద నిలబెట్టుకునే ఏర్పాటు చేసుకోవడం మేలని నేను అనడానికి కారణం ఇదే.

మన దేశంలో కూడా ఇప్పుడు ఈ విషయం కొత్తది కాదు. ట్యూబ్‌లెస్ టైర్లూ, టైరులో గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థా, రిపేరు కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది, ఆ సవరణ 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే దారిలో టైరు దిగిపోతే, కాస్త దూరంలోనే పాత టైరును గుర్తుగా నిలబెట్టుకున్న పంక్చరు షాపు కనిపిస్తుంది, అక్కడి మేస్త్రీ చక్రం విప్పకుండానే మేకు పీకి, జిగురు స్ట్రిప్ దూర్చి పంపించేస్తాడు. ఇక్కడ కాలిఫోర్నియాలో ఆ మేస్త్రీ లేడు. లివర్‌మోర్ నుంచి మైన్స్ రోడ్డు పట్టుకుని, లిక్ అబ్జర్వేటరీ ఉన్న హామిల్టన్ కొండ వెనుకగా వెళ్లే దారి ఈ కారుకు ఎంతో తగిన దారి. కానీ అక్కడ మైళ్ల తరబడి షాపూ ఉండదు, ఫోను సిగ్నలూ ఉండదు. కాబట్టి ఆ మేస్త్రీ చేసే పని మన చేతికి రావాలి, ఆయన దగ్గరుండే పనిముట్లు మన డిక్కీలో ఉండాలి.

పంక్చర్లలో ఎక్కువ భాగం మేకో స్క్రూయో టైరు నడుమ భాగంలో దిగబడడం వల్ల వచ్చేవే, వాటిలోనూ చాలావరకు గాలి నెమ్మదిగానే పోతుంది. ఇలాంటప్పుడు అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: కనిపించగానే మేకును పీకకూడదు. ఆ మేకే అప్పటికి రంధ్రాన్ని మూసి ఉంచుతోంది. కంప్రెసరుతో గాలి నింపి, పది నిమిషాలు ఆగి మళ్లీ గేజీ పెట్టి చూడాలి. ఈ కారుకు చల్లటి టైరులో ఉండవలసింది 29 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత). 33 దాకా నింపితే అది గంటకు ఒకటి రెండు పీఎస్‌ఐ చొప్పున మాత్రమే తగ్గుతున్నట్టయితే, దేన్నీ ముట్టుకోకుండా నిదానంగా టైర్ల దుకాణానికి చేరుకోవడమే సరైన పని. మధ్యలో అవసరమైతే ఆగి ఇంకాస్త నింపుకోవచ్చు. ఈ లెక్కన చూస్తే, మొత్తం సామగ్రిలో మంచి కంప్రెసరును మించిన వస్తువు లేదు. కారుతో వచ్చినదానికే పరిమితం కాకుండా, సొంత గేజీ ఉన్నదాన్ని కొనుక్కోవడం మంచిది. కొన్న రోజే ఇంటి ముందు దాన్ని కారులోని పవర్ సాకెట్‌లో పెట్టి, తీగ వెనుక చక్రాల దాకా అందుతుందో లేదో చూసుకోవాలి. ఇంజను నడుస్తూ ఉండగా వాడాలి, దాని మీద రాసి ఉన్న సమయానికి మించి ఏకబిగిన నడపకూడదు, ఎందుకంటే ఈ చిన్న మోటార్లు చాలా త్వరగా వేడెక్కుతాయి.

గాలి నింపుతుంటేనే వెళ్లిపోతోందంటే అప్పుడు స్ట్రిప్ వేయక తప్పదు. చాలామంది దీనికి చక్రం విప్పాలనుకుంటారు కానీ ఆ అవసరం సాధారణంగా రాదు. ముందు చక్రమైతే స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పితే టైరు ముఖం బయటికి వస్తుంది. వెనుక చక్రమైతే కారును అడుగో రెండడుగులో ముందుకు జరిపి, మేకు చేతికి అందే ఎత్తుకు వచ్చినప్పుడు హ్యాండ్ బ్రేకు వేయాలి. మేకు కనిపించకపోతే సబ్బునీళ్లు చల్లాలి, గాలి పోతున్న చోట సన్నటి బుడగలు కుదురుగా పుడుతూ ఉంటాయి. ఆ చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాకే కటింగ్ ప్లేయరుతో మేకును, అది ఏ వాలులో దిగిందో గమనిస్తూ, అదే వాలులో బయటికి లాగాలి.

తర్వాతది బలంతో కూడిన పని. టైరు లోపల ఉక్కుతీగల పొర ఉంటుంది కాబట్టి, రంధ్రంలో దింపి తిప్పే గరుకు మొన గల రీమరు సులభంగా దిగదు. టీ ఆకారపు పిడి ఉన్నదైతేనే రెండు చేతులతో, ఒంటి బరువు మోపి తిప్పగలుగుతాం, స్క్రూడ్రైవరు లాంటి నిలువు పిడి ఉన్న చవక కిట్లు అరచేతిని గాయపరచడం తప్ప పని సాగనివ్వవు. రీమరును మేకు వచ్చిన వాలులోనే దింపి కొన్నిసార్లు పైకీ కిందికీ ఆడిస్తే రంధ్రం గోడలు గరుకెక్కుతాయి. జీళ్లపాకంలా వేళ్లకు అంటుకునే ఆ గోధుమరంగు స్ట్రిప్‌ను సూది కంటిలో సరిగ్గా నడుమకు వచ్చేలా దూర్చి, రబ్బరు జిగురు పూసి, రెండు కొసలూ అర అంగుళం బయట మిగిలేదాకా లోపలికి నొక్కాలి. తర్వాత సూదిని మెలితిప్పకుండా ఒక్క ఊపున వెనక్కి లాగితే స్ట్రిప్ లోపల ముడిపడి నిలిచిపోతుంది. మిగిలిన కొసలను పూర్తిగా చదునుగా కాకుండా కాస్త వదిలి కోసి, గాలి నింపి, మళ్లీ సబ్బునీళ్లు చల్లి చూడాలి. ఈ పనిని చీకట్లో, రోడ్డు పక్కన, తొలిసారిగా చేయవలసిన పరిస్థితి ఎవరికీ రాకూడదు. టైర్ల దుకాణంలో పారేయబోయే పాత టైరు ఒకటి అడిగి తెచ్చుకుని, దానికి కావాలనే రంధ్రం చేసి ఒక మధ్యాహ్నమంతా సాధన చేస్తే చేతికి ఒడుపు వస్తుంది.

కంపెనీ ఇచ్చిన జిగురు ద్రవాన్ని నేను చివరి మార్గంగానే చూస్తాను. అది చిన్న రంధ్రాలనే, అదీ టైరు నడుమ భాగంలో ఉన్నవాటినే మూయగలదు. ఎక్కించిన వెంటనే బయలుదేరి, గంటకు 50 మైళ్లు దాటకుండా కాసేపు నడిపితేనే అది లోపల పరుచుకుంటుంది. ఆ తర్వాత టైరును రిపేరు చేయడానికి కొన్ని దుకాణాలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా ఆ జిడ్డంతా కడగాలి. అయినా సీసాను డిక్కీలోంచి తీసేయమని నేను చెప్పను. వర్షంలోనో, నిలబడడానికే చోటు లేని దారిలోనో, స్ట్రిప్ వేసే వీలు లేనప్పుడు అదే బయటపడేస్తుంది. సీసా మీద గడువు తేదీ ఉంటుంది, కారు పాతదైతే ఆ తేదీ ఎప్పుడో దాటిపోయి ఉండవచ్చు కాబట్టి, ఈ వ్యాసం చదివినవారు ఇవాళే చూసుకోవాలని కోరుతున్నాను.

టైరులో గాలి తగ్గితే డాష్‌బోర్డు మీద వెలిగే పసుపు దీపం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2000లో అమెరికా కాంగ్రెసు చేసిన ట్రెడ్ చట్టం తర్వాత ఈ హెచ్చరిక వ్యవస్థ తప్పనిసరి అయింది. కానీ నిబంధన ప్రకారం, ఉండవలసిన గాలిలో నాలుగో వంతు తగ్గినప్పుడు అది వెలిగితే చాలు. అంటే 29 ఉండవలసిన టైరు దాదాపు 22కు పడిపోయేదాకా దీపం మౌనంగా ఉండవచ్చు. పైగా ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గినప్పుడల్లా గాలి సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది కాబట్టి, చలికాలం ఉదయాల్లో అది ఏ పంక్చరూ లేకుండానే వెలగవచ్చు, అలా చూసి చూసి అలవాటుపడినవారు నిజంగా మేకు దిగినప్పుడు కూడా పట్టించుకోరు. నెలకొకసారి, దూరప్రయాణానికి ముందొకసారి, గేజీతో స్వయంగా చూసుకోవడానికి ఇదేదీ ప్రత్యామ్నాయం కాదు.

టైరు పక్కగోడ చిరిగితే మాత్రం పైన చెప్పినవేవీ పనిచేయవు. ఈ టైరు పక్కగోడ ఎత్తు 92 మిల్లీమీటర్లే, గుంతలో పడితే రిమ్ముకూ గుంత అంచుకూ మధ్య నలిగి తెగిపోయేంత సన్నం. అప్పుడు మిగిలేది టోయింగు, అంటే వేరే బండితో కారును తీసుకుపోవడం ఒక్కటే, దాన్ని ముందే ఏర్పాటు చేసుకోవాలి. దారిలో సాయపడే అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ సభ్యత్వంలో ప్లస్ స్థాయికి 100 మైళ్ల వరకు టోయింగు ఉంటుంది. కొండదారుల్లో తిరిగేవారికి అంతకన్నా తక్కువ దూరం సరిపోదని నా అభిప్రాయం. ఫోను చేసినప్పుడు కారు నేలకు చాలా దగ్గరగా ఉంటుందనీ, కారును మొత్తంగా పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ బండే కావాలనీ స్పష్టంగా చెప్పాలి. ఐఫోన్ 14, ఆ తర్వాతి ఫోన్లలో సిగ్నలు లేని చోటు నుంచి కూడా ఉపగ్రహం ద్వారా ట్రిపుల్ ఏను సంప్రదించే సదుపాయం 2023లో అమెరికాలో వచ్చింది. మైన్స్ రోడ్డు లాంటి చోట్ల ఇది ఎంతో ధైర్యం. ఫ్రీవే మీద ఇలా జరిగితే, రిమ్ము పాడవుతుందని వెనకాడకుండా తర్వాతి ఎగ్జిట్ దాకా నెమ్మదిగా పోవాలి. పక్కనుంచి ట్రక్కులు దూసుకుపోతున్న చోట ఎడమవైపు టైరు దగ్గర మోకాళ్ల మీద కూర్చోవడం కంటే రిమ్ము పోవడమే నయం.

గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు వేయించుకోవచ్చు కదా అని అడిగేవారున్నారు. 1997 కార్వెట్ స్పోర్ట్స్ కారు ఆ దారినే స్టెప్నీని వదిలేసింది. సాధారణంగా గాలి లేకున్నా గంటకు 50 మైళ్ల వేగంతో 50 మైళ్ల దాకా వెళ్లవచ్చు. కానీ వాటి బిరుసైన పక్కగోడలు, అదనపు బరువు మియాటా లాంటి తేలికైన కారు నడకను మార్చేస్తాయి కాబట్టి నాకు ఇష్టం లేదు. రాత్రిళ్లు ఒంటరిగా ఎక్కువ దూరం ప్రయాణించవలసిన వారికి మాత్రం అవే సరైనవి కావచ్చు, వారిని నేను వారించను.

స్ట్రిప్ వేసి ఇంటికి చేరాక పని ముగిసిందనుకోవద్దు. ఇక్కడి టైరు తయారీదారుల సంఘం ప్రమాణం ప్రకారం, టైరును రిమ్ము నుంచి విప్పి లోపలి భాగం పరీక్షించి, రంధ్రాన్ని నింపి లోపల ప్యాచ్ కూడా వేస్తేనే అది సరైన రిపేరు, అదీ రంధ్రం పావు అంగుళం లోపు ఉండి, టైరు నడుమ భాగంలో ఉన్నప్పుడే. గాలి లేకుండా కొద్ది దూరం నడిపినా లోపల పక్కగోడ అరిగి నల్లటి రబ్బరు పొడి రాలుతుంది. దుకాణంవారు టైరు విప్పినప్పుడు దగ్గరుండి ఆ పొడి ఉందేమో చూడమని అడగాలి, ఉంటే కొత్త టైరే వేయించుకోవాలి. మియాటా క్లబ్ మోడల్ వంటి, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (వెనుక రెండు చక్రాలూ మరీ వేర్వేరు వేగాలతో తిరగకుండా చూసే భాగం) ఉన్న కార్లలో వెనుక రెండు టైర్ల అరుగుదల ఒకేలా ఉండడం ముఖ్యం కాబట్టి, పాతవి సగానికి పైగా అరిగి ఉంటే వెనుకవి రెండూ కలిపే మార్చాలి. చక్రం బిగించిన తర్వాత నాలుగు నట్లనూ 21 మిల్లీమీటర్ల సాకెట్టుతో, బిగింపును కొలిచే టార్కు రెంచి పెట్టి సరిచూసుకుని, 50 మైళ్లు తిరిగాక మరోసారి చూసుకోవాలి. దొంగల భయంతో లాకింగ్ నట్లు వేయించుకున్నవారు వాటిని విప్పే తాళంచెవిని దుకాణం నుంచి గుర్తుగా వెనక్కి తీసుకుని, స్ట్రిప్‌ల కిట్టు ఉన్న సంచిలోనే ఉంచాలి.