మోకాలి వెనక మచ్చ

“ఈమధ్య ఇండియా వెళ్ళొచ్చారా?” అని అడిగాడు డాక్టరు. లేదు, వెళ్ళి 14 నెలలైందన్నాను. “మరి ఇంట్లోవాళ్ళు?” అన్నాడు. మా ఆవిడా పాపా వేసవి సెలవులకి నరసరావుపేటలో ఉన్నారు, ఇంకా రాలేదన్నాను. అదేదో దొరికినట్టు తలూపాడు. ఇంకా తిరిగిరాని మనుషుల నుంచి నాకు జబ్బెలా అంటుతుందని నేనూ అడగలేదు. ఒళ్ళు కాలిపోతున్నవాడికి తర్కం ఎక్కడ గుర్తొస్తుంది? రక్తం తీసి మలేరియా చూశారు. లేదు. “వైరసే. పారాసెటమాల్ వేసుకోండి, నీళ్ళు బాగా తాగండి” అన్నాడు. మాట్లాడింది మొత్తం నాలుగు నిమిషాలు. ప్యాంటు పైకి మడవమనలేదు.

2023 ఆగస్టు 11 అది. ఆ నాలుగు నిమిషాల మీద కోపం ఇంకా పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మేముండేది స్పెయిన్‌లో, కాటలోనియాలోని జిరోనాలో. ఉద్యోగం బార్సిలోనాలో, హైస్పీడ్ రైల్లో 40 నిమిషాలు. షుగర్ గీత మీదకొచ్చిందని రిపోర్టు చూశాక సైకిలు కొన్నాను. గ్రావెల్ బైక్ అంటారు. హ్యాండిల్ రోడ్డు సైకిలు లాగే కిందికి వంగి ఉంటుంది కానీ టైర్లు లావు, నావి 42 మిల్లీమీటర్లు. లోపల ట్యూబుండదు, పాల లాంటి సీలెంటు పోస్తారు. చిన్న ముల్లు దిగితే అదే పూడ్చుకుంటుంది. కారు పోలేని కంకర బాటలన్నీ నీవే.

ఊరికి ఆగ్నేయంగా గవార్రెస్ కొండలు. ఎత్తు చూస్తే 530 మీటర్ల చిల్లర, అంతే. కానీ ఎక్కడా చదునుండదు. ఎక్కడం, జారడం, మళ్ళీ ఎక్కడం. దారి పొడుగునా సీసాలకి బిరడాలు చేసే ఓక్ చెట్లు. వేసవిలో బెరడు ఒలిచాక వాటి మాను ఎర్రగా, తోలు తీసిన మేకలా నిలబడి ఉంటుంది. పైన ఎల్స్ ఆంజెల్స్ అనే గుడి. చిత్రకారుడు సాల్వడోర్ డాలీ, ఆయన భార్య గాలా 1958లో చర్చి పద్ధతిలో పెళ్ళి చేసుకున్నది అక్కడే. మా బావగారికి ఆ ఫొటో పంపితే వచ్చిన జవాబు: “సైకిలు తొక్కే బాధ తప్పాలనే కదోయ్ మీ నాన్న నిన్ను చదివించింది!” నవ్వుకున్నాను అప్పట్లో.

జ్వరం రావడానికి వారం ముందు ఆ కొండల్లోనే ఒక పొలం ఇంటి దగ్గర నీళ్ళు పట్టుకోవడానికి ఆగాను. పెద్దాయన గొట్టం చూపించాడు. ఆయన కుక్క వచ్చి నా కాళ్ళ మీద పడుకుంది. ఎండు గడ్డిలో అరగంట కూర్చున్నాను, దాని చెవులు నిమురుతూ. ఇంటికొచ్చి స్నానం చేసి పడుకున్నాను. అంతే జరిగింది.

ఇక 14వ తేదీ రాత్రి. జ్వరానికి అది ఐదో రాత్రి. మర్నాడు ఇక్కడా సెలవే, వాళ్ళకి మరియమాత పండగ. ఊళ్ళో సగం మంది సముద్రానికి పోయారు. థర్మామీటరు 40.3 చూపించింది. తల పగిలిపోతోంది, వీధి దీపం వెలుతురు కూడా కళ్ళలో గుచ్చుకుంటోంది. బచ్చలింట్లో గచ్చు చల్లగా ఉంటుందని పోయి దాని మీద పడుకున్నాను. ఎప్పుడో 1969లో మూతపడ్డ చిన్న రైలుంది ఇక్కడ, దాని పట్టాలు తీసేసిన బాటే ఇప్పుడు సైకిళ్ళ దారి. ఆ రైలు కూత వినపడింది నాకు. ఒకసారి కాదు.

ఇక్కడి ఆరోగ్య సహాయ నంబరు 061కి ఫోన్ చేశాను. అన్నీ వివరంగా చెబుతున్నాననే అనుకున్నాను. అవతలి అమ్మాయి “కాస్తెయానో, కాస్తెయానో” (స్పానిష్‌లో చెప్పండి) అని బతిమాలుతుంటే అప్పుడు తెలిసింది, నేను మాట్లాడుతున్నది తెలుగని. స్పానిష్ మాట ఒక్కటి కూడా నోటికి రాలేదు. భయమేసి పెట్టేశాను. ఫోన్ వెలుగులో చెయ్యి చూసుకుంటే అరచేతిలో ఎర్రటి చుక్కలు. నొక్కి చూశాను, దురద లేదు. పాదాల కిందా అవే. ఒళ్ళంతా దద్దుర్లు రావడం ఎరుగుదును గానీ అరికాళ్ళలో రావడం ఎరగను. చచ్చిపోతానని అప్పుడే మొదటిసారి అనిపించింది. పాప స్కూలు బ్యాగు ఎక్కడ పెట్టానో మా ఆవిడకి చెప్పలేదే అని దిగులు పట్టుకుంది, ఎందుకో అదే.

ఇంటికి ఫోన్ చేశాను. మా దగ్గర ఒంటిగంటన్నర, నరసరావుపేటలో తెల్లవారుజాము ఐదు. మా ఆవిడ “ఏమండీ, ఏమండీ” అంటోంది, వెనక మా అమ్మ ఏడుపు. వీడియో కాల్లో మా మేనత్తని కలిపారు. గుంటూరులో పెద్దాసుపత్రి ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పలకరింపులేవీ లేవు.

“ఒరే, బట్టలు తియ్యి. సిగ్గుపడకు. చంకలు చూపించు. గజ్జలు. తలలో. ఇప్పుడు మోకాళ్ళ వెనక.”

ఎడమ మోకాలి వెనక గుంటలో ఫోన్ పెట్టాను. కొద్దిసేపు నిశ్శబ్దం. “అదిగో” అంది.

నేను అప్పటిదాకా సీటు రాపిడి అనుకున్న మచ్చ అది. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి వలయం. నొప్పి లేదు, అందుకే పట్టించుకోలేదు. అత్తయ్య స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం) కేసుల్లో ఈ మచ్చ కోసమే రోగుల ఒళ్ళంతా వెతికేదట. “అది మీ దేశపు జబ్బు కాదులే. కానీ దాని చుట్టమేదో అక్కడ ఉండే ఉంటుంది. తెల్లారేదాకా ఆగొద్దు. ఈ మచ్చ చూపించి డాక్సీసైక్లిన్ అనే యాంటిబయాటిక్ సంగతి అడుగు” అంది.

పై అంతస్తు అవ్వ తలుపు కొట్టాను. డెబ్భై దాటిన మనిషి, నైటీ మీదే కారు తాళాలు తీసుకుంది.

ఆసుపత్రిలో చూసిన అమ్మాయి చిన్నది, ఇంకా ట్రైనింగులోనే ఉన్నట్టుంది. అరచేతులు చూసింది, కాలు తిప్పి మచ్చ చూసింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న: “కుక్కలతో తిరుగుతావా?” ఇండియా ఊసే లేదు. ఫెబ్రే బొతొనోసా అని చెప్పింది. కుక్కల మీదుండే గోమారి కుడితే వస్తుంది. మధ్యధరా సముద్రం చుట్టూ వేసవిలో ఉండేదే, 1910లో ట్యునీసియాలో మొదట గుర్తించారు. రక్తపరీక్షలో మొదటి వారం బయటపడకపోవచ్చట, అందుకే రిపోర్టు కోసం చూడకుండా మందు మొదలుపెట్టింది. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నాయి, కిడ్నీ అంకె పెరిగి ఉంది. షుగర్ ఉన్నవాళ్ళని ఇది ఎక్కువ బాధపెడుతుందని కూడా చెప్పింది. నాలుగు రోజులు ఉంచారు. రెండో రోజుకే జ్వరం దిగింది. ఆ అమ్మాయికి నేను చేతులెత్తి దణ్ణం పెడితే, చేతుల్లో చుక్కలు చూపిస్తున్నాననుకుంది పాపం.

మొదటి డాక్టరు మీద ఫిర్యాదు కాగితం తెచ్చుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదు, ఆగస్టులో ముగ్గురి పని ఒక్కడు చేస్తున్నాడని తెలుసు. మొదటి రోజుల్లో చుక్కలూ లేవు. కానీ మచ్చ ఉంది కదా! నా రంగు చూసి జబ్బుని వేల కిలోమీటర్ల అవతల వెతికాడు, అది జానెడు దూరంలో ఉంది. కాగితం ఇంకా బల్ల సొరుగులోనే ఉంది, సగం నింపి.

ఇలాంటి దారుల్లో తిరిగేవాళ్ళు ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, గజ్జల్లో, మేజోళ్ళ అంచు దగ్గర, చెవుల వెనక చూసుకోండి. గోమారి కనిపిస్తే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగండి. కిరసనాయిలు పోయొద్దు, కాల్చొద్దు. తర్వాత రెండు వారాల్లో జ్వరమొస్తే ఎక్కడ తిరిగారో మీరే ముందు చెప్పండి. డాక్సీసైక్లిన్ గ్లాసు నిండా నీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకూడదు. పెరుగన్నంతో మింగకూడదు, మా అమ్మ ఎంత చెప్పినా సరే.

ఆ అమ్మ కోటప్పకొండకి మొక్కుకుంది, నేను మెట్లెక్కి వస్తానని. మందు వల్లే బతికానని నాకు తెలుసు. ఐదింటికి అమ్మ ముగ్గు వేయడానికి లేచి ఉండబట్టే ఫోన్ మోగడం విన్నదనీ తెలుసు. ఎక్కుతాను. బావగారు ఈసారి ఫోన్లో సైకిలు ఊసెత్తలేదు. అదీ నచ్చలేదు నాకు.

జ్వరం తగ్గాక ఆరు వారాల పాటు మెట్లెక్కితే చాలు, కాళ్ళు వణికేవి. అక్టోబరులో పాత రైలు బాట మీద, ఎత్తుపల్లాల్లేని దారిలో, క్వార్ట్ దాకా వెళ్ళొచ్చాను. నవంబరులో ఆ పొలం ఇంటికి. కుక్క మెడకి మందు పట్టీ కొని పట్టుకెళ్ళాను. పెద్దాయన నవ్వి, దానికి అప్పటికే ఉన్న పట్టీ చూపించాడు, పాతబడి రంగు వెలిసినది. నాది కట్టాడు. నేను ఈసారి రాయి మీద కూర్చున్నాను. కుక్క వచ్చి నా బూటు మీద తల పెట్టుకుంది. చెవి ఎత్తి లోపల చూశాను. రెండోది కూడా చూశాను.