ఎడమ గార్డ్‌కు ఎంత ఇవ్వాలి?

తన ఎడమ గార్డ్ స్టీవ్ హచిన్సన్‌ను సియాటెల్ సీహాక్స్ జట్టు వదులుకోకుండా ఉండాల్సింది. 2006 మార్చిలో ఈ మాట అన్నాను, ఈనాటికీ అదే అంటున్నాను. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని పరుగెత్తే, మనుషులు మనుషులను ఢీకొట్టే అమెరికా ఆట. అందులో గార్డ్ అనేవాడు దాదాపు ఎప్పుడూ బంతిని ముట్టడు. ఎదుటి జట్టులోని భారీ మనుషులను మధ్యలో అడ్డుకోవడమే అతడి పని. అలాంటివాడికి తారలతో సమానంగా జీతమిచ్చి నిలబెట్టుకోవాలా అన్న వాదన ప్రతి మార్చిలోనూ అమెరికాలో ఏదో ఒక ఊళ్లో రేగుతూనే ఉంటుంది. నాకు ఆ వాదన పరిచయమైంది మా ఆఫీసులో.

2005లో హైదరాబాద్ నుంచి వచ్చి, సియాటెల్‌కు వాషింగ్టన్ సరస్సు అవతల ఉన్న బెల్‌వ్యూలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. సెప్టెంబరు వచ్చిందంటే సోమవారం ఉదయం కాఫీ యంత్రం దగ్గర ఒకటే కబురు. ఆదివారం నాటి ఆట గురించి తెలియనివాడు ఆ పది నిమిషాలూ నవ్వుతూ నిలబడాల్సిందే. ఆ ఏడు సీహాక్స్ 16 ఆటల్లో 13 గెలిచింది, కాబట్టి పది నిమిషాలు అరగంట అయ్యేది. మా టీమ్ లీడ్ టకోమాలో పుట్టి పెరిగిన మనిషి, హైస్కూల్లో తానూ గార్డ్‌గా ఆడినవాడు. నేను అడిగిన ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ సమావేశాల గదిలో తెర దించి, ఒకే పరుగును రెండుసార్లు చూపించాడు. మొదటిసారి నేను అందరిలాగే బంతి వెంట చూశాను. రెండోసారి బంతిని వదిలేసి 76వ నంబరును మాత్రమే చూడమన్నాడు.

76 హచిన్సన్. అతడికి ఎడమ పక్కన 71, వాల్టర్ జోన్స్. గార్డ్‌కు బయటి పక్కన నిలబడి అడ్డుకునే ఆ స్థానాన్ని టాకిల్ అంటారు. బంతి వెనక్కి అందగానే ఇద్దరూ కలిసి ఎదుట ఉన్న 140 కిలోల మనిషిని భుజాలతో రెండడుగులు వెనక్కి నెట్టారు. ఆ మనిషి బరువంతా జోన్స్ మీదికి మళ్లింది. ఆ క్షణం హచిన్సన్‌కు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, ఎందుకంటే అతడు అటు చూడనే లేదు. కుడి చెయ్యి వదిలేసి, వెనక నుంచి సందు మూయడానికి పరుగెత్తుకొస్తున్న లైన్‌బ్యాకర్‌కు (ఎదుటి జట్టు ముందు వరుస వెనక కాపు కాసేవాడు) ఎదురెళ్లి, రొమ్ము మీద రెండు చేతులు ఆనించి పక్కకు తిప్పేశాడు. అక్కడ తలుపంత ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోంచి బంతి పట్టుకున్న షాన్ అలెగ్జాండర్ ఎవరి చెయ్యీ తగలకుండా వెళ్లిపోయాడు. మైదానమంతా అలెగ్జాండర్ పేరుతో మారుమోగింది. హచిన్సన్ అప్పటికే వెనక్కి తిరిగి తన చోటికి నడుస్తున్నాడు.

మా ఊళ్లో కబడ్డీ ఆడేటప్పుడు కూతకు వచ్చినవాడి కాలు దొరకబుచ్చుకున్నవాడికే పేరు వచ్చేది. అంతకు ముందు వాడిని మూలకు తరుముకొచ్చినవాడు ఎవరికీ గుర్తుండేవాడు కాదు. అందుకేనేమో, టీమ్ లీడ్ చెప్పింది వెంటనే ఒంటబట్టింది. అప్పటి నుంచి ప్రతి ఆటా ఎడమ పక్కన 71, 76 నంబర్ల మీదే కన్నువేసి చూశాను.

ఆ ఏడు అలెగ్జాండర్ 1,880 గజాలు పరుగెత్తాడు, మొత్తం 28 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించడం) చేశాడు, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యాడు. సీహాక్స్ చరిత్రలో తొలిసారి సూపర్ బౌల్‌కు, అంటే లీగ్ ఫైనల్‌కు చేరింది. 2006 ఫిబ్రవరి 5న డెట్రాయిట్‌లో పిట్స్‌బర్గ్ చేతిలో 21-10తో ఓడింది. నెల తిరిగేసరికి డబ్బు లెక్కలు మొదలయ్యాయి.

అలెగ్జాండర్‌కు 8 ఏళ్లకు 6 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. హచిన్సన్ ఒప్పందం కూడా ఆ చలికాలంలోనే ముగిసింది. ఇక్కడ లీగ్ నిబంధన ఒకటి చెప్పాలి. ఒప్పందం ముగిసినా ఆటగాడిని జట్టు మరో ఏడాది పట్టి ఉంచుకోవచ్చు. దాన్ని ట్యాగ్ వేయడం అంటారు. అప్పట్లో మామూలుగా వాడే ఫ్రాంచైజ్ ట్యాగ్ వేస్తే, ఆ స్థానంలో అత్యధికంగా సంపాదించే అయిదుగురి సగటు జీతం ఇవ్వాల్సి ఉండేది. వేరే జట్టు అతడిని ఎగరేసుకుపోవాలంటే, కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తన రెండు మొదటి రౌండ్ ఎంపికలు పరిహారంగా ఇచ్చుకోవాలి. అది కాక ట్రాన్సిషన్ ట్యాగ్ ఒకటుంది. దానిలో అప్పట్లో పదిమంది సగటు ఇస్తే సరిపోయేది. కానీ వేరే జట్టు పిలిస్తే ఏడు రోజుల్లో అంతే మొత్తం తామూ ఇవ్వాల్సి వచ్చేది, లేదా ఊరికే వదులుకోవాల్సి వచ్చేది. పరిహారం ఏమీ రాదు. రెండింటికీ తేడా సుమారు 6 లక్షల డాలర్లు. అప్పుడు జట్టు మొత్తానికి జీతాల పరిమితి 10 కోట్ల 20 లక్షల డాలర్లు. ఆ పరిమితిలో 6 లక్షలు మిగుల్చుకోవాలని సియాటెల్ చవక ట్యాగ్ వేసింది.

నాకు ఆట నియమాల కంటే ఈ ట్యాగ్ సంగతి తొందరగా బోధపడింది. ఒప్పందం అయిపోయినా కదలలేకపోవడం అంటే ఏమిటో హెచ్-1బీ మీద వచ్చిన ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. 2000లో వచ్చిన చట్టం వల్ల ఉద్యోగం మారే వీలు మాకు ఉంది. కొత్త కంపెనీ దరఖాస్తు దాఖలు చేసిన వెంటనే అక్కడ పనిలో చేరవచ్చు. కానీ గ్రీన్ కార్డు దారి వేరు. అది కంపెనీ మొదలుపెట్టాలి, లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి ఇక్కడివారు దొరకలేదన్న కార్మిక శాఖ ధ్రువీకరణ) దాటాలి, ఆ తర్వాత ఐ-140 అనే కంపెనీ దరఖాస్తుకు ఆమోదం పొందాలి. ఆ ఆమోదం రాకముందే మారితే వరుసలో మళ్లీ చివర నిలబడాలి. వాల్టర్ జోన్స్‌కు సియాటెల్ వరసగా మూడేళ్లు ట్యాగ్ వేసినప్పుడు అతడు శిక్షణ శిబిరానికి రాకుండా నిరసన తెలిపాడని చదివి, మనకు ఆ వీలు కూడా లేదే అనుకున్నాను.

మిన్నెసోటా వైకింగ్స్ హచిన్సన్‌కు 7 ఏళ్లకు 4 కోట్ల 90 లక్షల డాలర్లు ఇస్తామంది. గార్డ్‌కు అంత మొత్తం అప్పటివరకు ఎవరూ ఇవ్వలేదు. అందులో ఒక మెలిక పెట్టింది. అతడు జట్టులోని అఫెన్సివ్ లైన్‌లో (గార్డ్‌లు, టాకిళ్లు నిలబడే ముందు వరుస) అందరికంటే ఎక్కువ జీతగాడు కాకపోతే మొత్తం సొమ్ముకూ పూర్తి హామీ ఇవ్వాలి. సియాటెల్‌లో జోన్స్ అంతకంటే ఎక్కువ తీసుకుంటున్నాడు. మిన్నెసోటాలో ఆ చిక్కు లేదు. జోన్స్ ఒప్పందాన్ని సవరించి గట్టెక్కాలని సియాటెల్ ప్రయత్నించింది, మధ్యవర్తి ఒప్పుకోలేదు. హచిన్సన్ వెళ్లిపోయాడు. చేతికి ఒక్క ఎంపిక కూడా రాలేదు. కోపంతో సియాటెల్, మిన్నెసోటా ఆటగాడు నేట్ బర్ల్‌సన్‌కు సరిగ్గా అదే 4 కోట్ల 90 లక్షలు చూపి, అలాంటి మెలికే పెట్టి తెచ్చుకుంది. 2011లో లీగ్ అలాంటి మెలికలను నిషేధించింది.

ఆ వారం మా ఆఫీసులో ఎవరికీ పని మీద మనసు లేదు. గార్డ్‌కు అంత డబ్బు దండగ అన్నవాళ్లే ఎక్కువ. అలెగ్జాండర్ ఉన్నాడుగా, జోన్స్ ఉన్నాడుగా, మధ్యలో ఎవరో ఒకరిని నిలబెడితే సరిపోతుందన్నారు. టీమ్ లీడ్ మాత్రం తల అడ్డంగా ఊపుతూ కూర్చున్నాడు.

మా సొంత వ్యవహారం ఒకటి ఆ కాలంలోనే నడిచింది. మా డేటాబేస్‌లు చూసే ఖమ్మం అన్న ఒకాయన ఉండేవాడు. అందరికీ ఆయన అన్నే. రాత్రిపూట చెల్లింపుల పని ఆగిపోతే లేచేది ఆయన ఒక్కడే. ఏ సర్వర్ తర్వాత ఏ సర్వర్‌ను లేపాలో, మధ్యలో ఎంతసేపు ఆగాలో ఒక నీలం అట్ట నోటు పుస్తకంలో తెలుగులో రాసుకునేవాడు. “ఇది లేచిందని నమ్మకు, లాగ్‌లో రెండో వరుస వచ్చేదాకా ఆగు” అని ఒక పేజీ అంచున రాసి ఉండేది. కొత్త స్క్రీన్లు తయారుచేసినవాళ్లకు చప్పట్లు, ఆయనకు కాఫీ కూపన్లు.

ఏళ్లు గడిచినా ఆయన గ్రీన్ కార్డు పని కంపెనీ మొదలుపెట్టలేదు. టెక్సాస్‌లో మరో కంపెనీ ఎక్కువ జీతమూ, చేరగానే దరఖాస్తూ అని మాటిచ్చింది. ఆయన ఇక్కడ అడిగాడు. జీతం తేడా పెద్దదేమీ కాదు. డేటాబేస్ ఎవరైనా చూసుకుంటారని పైవాళ్లు అన్నారు.

“అన్నా, ఇంకొక్క నెల ఆగి చూడరాదా?” అన్నాను.

“ఆగితే నాకు పోయేది నెల కాదు తమ్ముడూ, వరుసలో చోటు. పిల్లదానికి పదేళ్లొచ్చాయి” అన్నాడు.

తల్లిదండ్రుల గ్రీన్ కార్డు రాకముందే పిల్లలకు 21 నిండితే ఏమవుతుందో తెలిసినవాళ్లకు ఆ లెక్క అర్థమవుతుంది. చాలామంది విషయంలో ఆ పిల్లలు తల్లిదండ్రుల వరుసలోంచి జారిపోతారు. ఆయన సామాను సర్దుకుని వెళ్లాడు. వెళ్లేముందు నోటు పుస్తకం మొత్తాన్ని ఇంగ్లీషులో టైపు చేసి ఇచ్చాడు. అయినా రాత్రి పని నిలబడలేదు. ఒకరి స్థానంలో ఇద్దరిని పెట్టుకున్నారు. చెల్లింపులు ఆలస్యమైన ప్రతిసారీ తిట్లు పడింది మాత్రం తెర తయారుచేసినవాళ్లకు, ఎందుకంటే వినియోగదారుడికి కనిపించేది అదే.

మైదానంలోనూ ఆ ఏడాది అదే జరిగింది. ఎడమ గార్డ్ చోట ఒకరి తర్వాత ఒకరిని నిలబెట్టారు. అలెగ్జాండర్ పాదం ఎముక విరిగి ఆరు ఆటలు ఆడలేదు. ఆడిన ఆటల్లోనూ ఒక్కో పరుగుకు సగటున 5.1 గజాలు సాధించినవాడు 3.6కు పడిపోయాడు. గాయం, వయసు కూడా కారణాలే, కాదనను. కానీ అదే సందు కోసం వెతుక్కుంటూ తలుపు మూసుకున్న చోట ఆగిపోయే అలెగ్జాండర్‌ను చూసినవాళ్లకు మరో కారణం కూడా కనిపించింది. మైదానంలో కేకలు అతడి మీద పడ్డాయి. 2008లో జట్టు అతడిని వదిలేసింది. ఆ 6 కోట్ల 20 లక్షల ఒప్పందంలో మూడో ఏడాది కూడా ఆడలేదు. అటు మిన్నెసోటాలో 2007లో అడ్రియన్ పీటర్సన్ అనే కుర్రాడు హచిన్సన్ వెనకాల పరుగెత్తుతూ ఒకే ఆటలో 296 గజాలు సాధించి లీగ్ రికార్డు నెలకొల్పాడు. హచిన్సన్ 2020లో ఆట దిగ్గజాలకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు. జోన్స్ 2014లోనే ఎంపికయ్యాడు. అలాంటి ఇద్దరు ఒకే జట్టులో పక్కపక్కన నిలబడటం ఎప్పుడో కాని జరగదు. 6 లక్షలు చూసుకుని వారిని విడదీశారు.

నా వాదనకు గట్టి ఎదురు వాదన కూడా సియాటెల్‌లోనే ఉంది. 2014 ఫిబ్రవరిలో సీహాక్స్ డెన్వర్‌ను 43-8తో చిత్తుచేసి సూపర్ బౌల్ గెలిచింది. ఆ జట్టు కుడి గార్డ్ జె.ఆర్. స్వీజీ ఏడో రౌండ్ ఎంపిక. కాలేజీలో అతడు ఆడింది డిఫెన్స్‌లో. గార్డ్‌కు ఇచ్చే డబ్బు వేరే చోట పెట్టి గెలవవచ్చని ఆ జట్టు చూపించింది. నేను దాన్ని తీసిపారేయను. కానీ ఆ జట్టు డిఫెన్స్ లీగ్‌లోనే మేటి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ చవక తొలి ఒప్పందం మీద ఉన్నాడు, పైగా మధ్యలోంచి ఒత్తిడి వస్తే కాళ్ల మీద తప్పించుకోగలడు. పక్క నుంచి వచ్చేవాడిని ఏ క్వార్టర్‌బ్యాక్ అయినా ఓ అడుగు ముందుకేసి తప్పించుకుంటాడు. సూటిగా మధ్యలోంచి వస్తే ముందుకు అడుగేసే చోటే ఉండదు. అందరూ విల్సన్‌లు కారు.

అందుకే 2025లో కాన్సస్ సిటీ చీఫ్స్ చేసిన పని నాకు సబబుగా తోచింది. ఆ ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా వారిని 40-22తో ఓడించింది, వారి క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్‌ను ఆరుసార్లు పడగొట్టింది. ఆ తర్వాత చీఫ్స్ తమ కుడి గార్డ్ ట్రే స్మిత్‌కు ఫ్రాంచైజ్ ట్యాగ్ వేశారు. లీగ్‌లో గార్డ్‌కూ టాకిల్‌కూ ట్యాగ్ ధర ఒకటే, కాబట్టి టాకిళ్ల ధరకు గార్డ్‌ను పట్టి ఉంచినట్టు అయింది. జూలైలో 4 ఏళ్లకు 9 కోట్ల 40 లక్షల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఏడాదికి 2 కోట్ల 35 లక్షలు, ఆ ఏడాది జీతాల పరిమితిలో చూస్తే ఎనిమిది శాతం పైచిలుకు. హచిన్సన్‌కు మిన్నెసోటా ఇచ్చింది నాటి పరిమితిలో ఏడు శాతం లోపే. అంటే వాటా పెరిగింది కానీ, డాలర్ల అంకెలు చూసి బెంబేలెత్తేంత కాదు.

స్మిత్ కాలేజీలో ఉండగా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడంతో జట్లు భయపడి వదిలేస్తే, 2021లో ఆరో రౌండ్లో 226వ ఎంపికగా వచ్చాడు. నాలుగేళ్లు తక్కువ జీతానికి మహోమ్స్ ముందు నిలబడ్డాడు. గార్డ్‌కు పెద్ద ఒప్పందం ఇచ్చేముందు నేను చూడమనేది రెండు విషయాలు: అతడి వయసు, అతడి పక్కన నిలబడేవాడెవడు. ముప్పై దాటి, మోకాళ్లు అరిగినవాడికి గత సేవలకు బహుమానంగా ఇవ్వడం పొరపాటు. ఒప్పందం నాటికి స్మిత్‌కు 26 ఏళ్లు. పక్కనే బంతిని వెనక్కి అందించే మంచి సెంటర్ క్రీడ్ హంఫ్రీ ఉన్నాడు, అతడూ 2021లో వచ్చినవాడే. 2006లో హచిన్సన్‌కు 28 ఏళ్లు, పక్కన వాల్టర్ జోన్స్.